హంతకుడెవరో మీకు తెలుసు, మీ గొంతుకి తెలియనివ్వకండి

క్రైమ్, మిస్టరీ, థ్రిల్లర్ ఆడియోబుక్‌లు చదివే నేరేటర్లకు, వాళ్ల చేత చదివించే డైరెక్టర్లకు, విడుదల చేసే ప్రచురణకర్తలకు,

నమస్కారం.

నేను నవలలు రాసేవాణ్ణి కాదు, మైకు ముందు కూర్చున్నవాణ్ణీ కాదు. వినేవాణ్ణి. అదీ ఎక్కువగా హత్యలు, మాయమైన మనుషులు, లోపల్నుంచి గడియ వేసిన గదుల్లో శవాలు. పుస్తకం పట్టుకుని కూర్చునే ఓపిక పోయిన దగ్గర్నుంచి చెవులతోనే చదువుతున్నాను. మీ గొంతులు నాకు ఇంట్లోవాళ్ల గొంతులంత పరిచయం. మీలో కొందరు ఊపిరి ఎక్కడ పీల్చుకుంటారో కూడా చెప్పగలను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఈమధ్య 11 గంటల మిస్టరీ ఒకటి మొదలుపెట్టాను. రాత్రి గిన్నెలు తోముతూ వింటున్నాను. రెండో గంట ఇంకా నిండలేదు. డిటెక్టివ్ వెళ్లి చనిపోయినాయన పక్కింటి తలుపు కొడతాడు. ముసలాయన తలుపు తీసి, "రండి, లోపలికి రండి. పాపం, ఎంత మంచివాడో" అంటాడు. ఉత్త మామూలు మాట. అచ్చులో అయితే కన్ను ఆగకుండా కిందికి జారిపోయేది. కానీ నేరేటర్ గారు ఆ "పాపం" దగ్గర గొంతు ఒక మెట్టు దించారు. ఆ తర్వాత పిసరంత విరామం. అంతే. సబ్బు చేతుల్లో గిన్నె అలాగే ఉండిపోయింది. "ఓహో, వీడా!" అనుకున్నాను.

వీడే. తొమ్మిది గంటల తర్వాత తేలింది. ఆ తొమ్మిది గంటలూ రచయిత్రి పాపం ఎంత కష్టపడిందో! మేనల్లుడి మీదికి అనుమానం తిప్పింది, డాక్టరు డైరీలో పేజీ చింపించింది, మధ్యలో ఇంకో శవాన్ని కూడా పడేసింది. నేను మాత్రం ముగింపు తెలిసిన సినిమాకి రెండోసారి వచ్చినవాడిలా కూర్చున్నాను. ఆవిడ నలభై అధ్యాయాల పాటు మూటకట్టి దాచిన గుట్టు అర సెకనులో జారిపోయింది. జారవిడిచింది చేతగాని నేరేటర్ కాదు సుమా. మంచి నటుడు. అదే అసలు చిక్కు.

మీరు చదివేముందు పుస్తకం మొత్తం చదువుకుంటారని నాకు తెలుసు. చదువుకోవాలి కూడా. ఫలానా పాత్రకి గొంతు బొంగురని 30వ అధ్యాయంలో బయటపడితే, అప్పటికి ఇరవై అధ్యాయాలు సన్నగొంతుతో రికార్డు చేసి ఉంటే ఎంత గోల! కాబట్టి హంతకుడెవరో మీకు మొదటి వాక్యం నుంచే తెలుసు. నటుడికి సహజంగా ఏమనిపిస్తుంది? ఆ పాత్ర మనసులో ఏముందో గొంతులో చూపించాలనిపిస్తుంది. వేరే నవలల్లో అది గొప్ప గుణం. మిస్టరీలో అదే కొంప ముంచుతుంది. హంతకుడు కథలో చుట్టుపక్కలవాళ్లందరినీ నమ్మించినవాడు కదా. పదిహేనేళ్లుగా పక్కింట్లో ఉన్నవాళ్లకే అనుమానం రానివాడు, పది నిమిషాలు విన్న నాకు దొరికిపోతే ఎలా? అతను అబద్ధం ఎంత బాగా ఆడతాడో మీరూ అంత బాగా ఆడాలి. "పాపం" అన్నప్పుడు నిజంగా పాపమనే అనుకోవాలి.

చెవితో వినే పుస్తకాలకీ మిస్టరీకీ ఉన్న బంధుత్వం నిన్నా మొన్నటిది కాదు. 1935 నవంబరులో బ్రిటన్‌లో చూపులేనివారి కోసం టాకింగ్ బుక్స్ మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికులను దృష్టిలో పెట్టుకుని మొదలైన ప్రయత్నం అది. ఆ తొలి విడతలోనే అగాథా క్రిస్టీ నవల ఉంది, 1926లో వచ్చిన "ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్". ఎంచుకున్నవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. ఆ నవలను గొంతు విప్పి చదవడం ఎంత కత్తిమీద సామో చదివినవాళ్లకి తెలుసు. చదవనివాళ్ల కోసం ఇంతకంటే ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పను. అప్పటి రికార్డు ఒక్కో వైపు 25 నిమిషాల దాకా పట్టేది. సరిగ్గా ఎవరో తలుపు తోసుకుని లోపలికి వస్తున్న సమయానికి వైపు అయిపోతే? లేచి, తడుముకుంటూ, రికార్డు తిప్పి, ముల్లు మళ్లీ ఆనించేదాకా ఆ వచ్చిందెవరో తెలియదు. అంతకంటే టెన్షన్ ఇప్పటి ఏ యాప్ ఇవ్వగలదు?

ఇప్పుడు హంతకుడి అధ్యాయాల సంగతి. మీకు తెలిసిందే, ఈ కాలపు థ్రిల్లర్లలో నాలుగైదు అధ్యాయాలకొకసారి వాలు అక్షరాల్లో రెండు పేజీలు వస్తాయి. పేరు లేని "నేను" ఒకరు కిటికీలోంచి ఎవరినో చూస్తూ ఉంటారు. అచ్చులో ఆ "నేను"కి గొంతు లేదు, వయసు లేదు, ఆడో మగో తెలియదు. అందులోనే రచయిత మాయ అంతా ఉంది. మన భాషలో అయితే ఆ మాయ ఇంకా సులువు. "నేను వచ్చాను, చూశాను, వెళ్లిపోయాను" అంటే అన్నది ఆడో మగో క్రియ చెప్పదు. "వచ్చాడు", "వచ్చింది" అనాల్సి వస్తేనే దొరికిపోతాం. అందుకే మన రచయితలు "ఆ ఆకారం", "ఆ వ్యక్తి" అంటూ తిప్పలు పడతారు. అంత జాగ్రత్తగా దాచినదాన్ని స్టూడియోలో మగ నేరేటర్ గరగరలాడే గొంతుతో చదివితే ఏముంది, అనుమానితుల్లో సగంమంది అక్కడే విడుదలైపోతారు.

ఈ చిక్కుకి చాలామంది దొరకబుచ్చుకున్న మందు గుసగుస. హంతకుడంటే చాలు, చెవిలో ఊపిరి వదులుతూ, ప్రతి "స"కారాన్నీ పాములా సాగదీస్తూ చదవడం. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించిన మాట నిజమే. యాభయ్యోసారి విన్నప్పుడు, "ఈయనకి జలుబు ఎప్పుడు తగ్గుతుందో" అనిపిస్తోంది. నేను విన్నవాటిలో నన్ను నిజంగా వణికించిన నేరేటర్ ఒకావిడ ఏం చేసిందో చెబుతాను. ఏమీ చెయ్యలేదు. మిగతా కథ ఏ గొంతుతో చెప్పిందో, ఆ అధ్యాయాలూ అదే గొంతుతో, కాకపోతే ఒక్క రవ్వ నెమ్మదిగా, కూరగాయల లెక్క చదివినట్టు చదివింది. కత్తి ఎక్కడ పెట్టాడో, తలుపు ఎన్ని సెకన్లలో మూసుకుంటుందో, అన్నీ అదే తీరు. ఆ రాత్రి లైటు ఆర్పడానికి రెండుసార్లు ఆలోచించాను.

ఆడ పాత్రలకి కీచుగొంతు పెట్టే మగ నేరేటర్లతో ఒక మాట. మానెయ్యండి. మగ పాత్రలన్నింటికీ ఒకే ముద్దగొంతు పెట్టే ఆడ నేరేటర్లకీ అదే మనవి. గొంతు సన్నంగానా లావుగానా అన్నది చెవికి రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. మనిషిని గుర్తుపట్టేది మాట తీరుని బట్టి. ఒకరు వాక్యం చివర మింగేస్తారు. ఇంకొకరు ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే అందుకుంటారు. ఆ పట్టు దొరికితే "అన్నాడు", "అంది" లేకపోయినా ఎవరు మాట్లాడుతున్నారో మాకు తెలిసిపోతుంది.

యాసల సంగతి దీనికంటే సున్నితం. ఏడుగురు అనుమానితుల్లో ఆరుగురు మీలాగే మాట్లాడి, ఏడోవాడికి మాత్రం దట్టమైన యాస తగిలిస్తే, మా అనుమానం ఎటు పోతుందో మీకు తెలియదా? ఇందులో రెండు రకాల అన్యాయం ఉంది. కథకి ఒకటి, ఆ యాస నిజంగా మాట్లాడే మనుషులకి ఒకటి. రెండోదే పెద్దది.

ఇక ఎడిటింగ్ చేసేవాళ్లకి. మీ కష్టం తక్కువది కాదని తెలుసు. గంటకి సుమారు 9,300 పదాలు చదువుతారని ఈ రంగంలో ఒక లెక్క. ఆ లెక్కన 90,000 పదాల నవల పది గంటలకి అటూ ఇటూ. అందులో ఒక్కో గంట మా చెవికి చేరేలోపు చదవడం, తప్పులు కత్తిరించడం, మళ్లీ వినడం, సరిచెయ్యడం, అన్నీ కలిసి ఆరు గంటల పైనే పడుతుందట. పంచ్ అండ్ రోల్ అంటారు కదా, తప్పు పలికిన చోటికి వెనక్కి వెళ్లి, ముందు వాక్యం వింటూ అక్కణ్ణుంచే అందుకుని చదవడం. అలా చేసినప్పుడు అతుకు తెలియదు. అన్నీ అయ్యాక, మూడు వారాల తర్వాత, వేరే రోజు వేరే గొంతుతో వచ్చి ఒక్క వాక్యం మళ్లీ చదివి అతికిస్తారు చూడండి, అది తెలుస్తుంది. గదిలో గాలి మారుతుంది. గొంతులో నిన్నటి నిద్ర వినిపిస్తుంది.

వేరే పుస్తకంలో అయితే పట్టించుకోను. కానీ మిస్టరీ వినేవాడి చెవి మామూలు చెవి కాదు, ప్రతి తేడా వాడికి ఆధారమే. ఒకసారి ఒక నవలలో వంటమనిషి "ఆ రాత్రి నేను తొందరగా పడుకున్నాను" అన్న వాక్యం ఒక్కటీ వేరే గదిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఇంకేముంది, ఆవిడ అబద్ధం చెబుతోందని తీర్మానించేశాను. ఆరు గంటల పాటు ఆవిడ వెనకే తిరిగాను. ఆవిడ ఎటు నడిచినా, ఏ కప్పు కడిగినా నాకు అనుమానమే. చివరికి ఆవిడకి కథతో సంబంధమే లేదు. అది అతుకు. స్టూడియోలో ఏదో మాట తప్పు పలికి ఉంటారు, సరిదిద్దారు. పాపం ఆ వంటమనిషికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

శబ్దం స్థాయి గురించి కూడా. ఆడియోబుక్‌లు తయారుచేసి అమ్మకానికి పెట్టే ఏసీఎక్స్ లాంటి వేదికలు ఒక్కో ఫైలు సగటు శబ్దం మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలని, మాటలు లేనప్పుడు వినిపించే గది హోరు మైనస్ 60 దాటకూడదని నియమాలు పెట్టాయి. మంచిదే. అయితే సగటు సగటే. అధ్యాయం మొత్తం నియమం లోపలే ఉంటుంది, అందులో గుసగుస వినపడక సౌండ్ పెంచుతాను, మరుక్షణమే కేక. చెవులు గింగురుమంటాయి. కేకని కేకలాగా వినిపించడానికి మైకుని బద్దలు కొట్టనక్కర్లేదు. గొంతులో భయం ఉంటే చాలు, మిగిలిన డెసిబెల్స్ మేమే కలుపుకుంటాం.

నేపథ్య సంగీతం, తలుపు కిర్రుమనే చప్పుళ్లు, ఉరుములు: వద్దు. ఒక్క మాటలో వద్దు. మొత్తం నాటకంగా తీస్తే అది వేరే కళ, దాన్ని అలాగే ఆనందిస్తాను. నవల చదువుతూ మధ్యలో వయొలిన్ కీచుమనిపిస్తే మాత్రం, "ఇక్కడ భయపడండి" అని ఎవరో మోచేత్తో పొడిచినట్టుంటుంది.

అచ్చు పుస్తకంలో ఒక సుఖం ఉంది. "మంగళవారం రాత్రి 11:40" అని అధ్యాయం నెత్తిన ఉంటే, అనుమానం వచ్చినప్పుడు వేలు పెట్టి వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. చెవికి ఆ వేలు లేదు. మీరు ఆ తేదీని రెండు సెకన్లలో గబుక్కున అనేసి కథలోకి వెళ్లిపోతే, అప్పుడే మాకు ఎవరో ఎదురొస్తే, ఇక ఆ అలిబై, అంటే నేరం జరిగిన వేళకి వేరేచోట ఉన్నానన్న సాక్ష్యం, మొత్తం గాలికి పోయినట్టే. రెండు కాలాల్లో నడిచే కథలైతే మరీ ఘోరం. దయచేసి తేదీలూ వేళలూ నింపాదిగా చదవండి, ఆ తర్వాత ఒక ఊపిరి ఆగండి. ఆధారాలు కూడా అంతే. అసలు ఆధారాన్ని మా చెవిన పడేలా చదవాల్సిందే, లేకపోతే చివర్లో మోసం చేశారంటాం. కాకపోతే తప్పుదోవ పట్టించే ఆధారాన్ని కూడా తూకం వేసినట్టు అంతే బరువుతో చదవండి. ఈ సమతూకం ఎవరికి కుదురుతుందో వాళ్లే నా దృష్టిలో మిస్టరీ నేరేటర్. మిగతావాళ్లు మంచి గొంతున్న మంచివాళ్లు.

ఒకరికంటే ఎక్కువమంది చదవడం నాకు ఇష్టమే, కథ అడిగినప్పుడు. ముగ్గురు స్త్రీలు మార్చి మార్చి కథ చెప్పే "ది గర్ల్ ఆన్ ది ట్రైన్"ను ముగ్గురు నేరేటర్లు చదివారు. అది 2016లో, ఆడియోబుక్‌లకిచ్చే ఆడీ అవార్డుల్లో, ఆడియోబుక్ ఆఫ్ ది ఇయర్ కూడా అయింది. అలా ఎవరి గొంతుకి వారి వంతు నిజమే తెలిసినప్పుడు వినేవాడికి పని దొరుకుతుంది. కానీ ప్రచురణకర్తలూ, ఒక్కటి గమనించండి. నేను కొన్న ఇంకో పుస్తకం మొదట్లోనే "చదివినవారు" అంటూ మూడు పేర్లు చెప్పారు. ఐదు గంటలు గడిచాయి, రెండు గొంతులే వినిపించాయి. మూడో ఆవిడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను. అంటే చనిపోయిందనుకున్న అమ్మాయి చనిపోలేదన్నమాట! మలుపు రాకముందే మీ పేర్ల జాబితా చెప్పేసింది. ఆ మూడో పేరు చివర్లో చెబితే ఆవిడకి అవమానమా? ఆవిడే నవ్వుకుంటూ ఒప్పుకునేది.

సిరీస్ మధ్యలో గొంతు మారడం గురించి ఉత్తరాలు మీకు చాలానే వస్తుంటాయి. అది మా బలహీనత, ఒప్పుకుంటాను. అమెరికాలో జాక్ రీచర్ అనే హీరో థ్రిల్లర్ నవలల్ని ఏళ్ల తరబడి డిక్ హిల్ చదివారు. 2018లో వచ్చిన నవల నుంచి స్కాట్ బ్రిక్ అందుకున్నారు. ఇద్దరూ పేరున్నవాళ్లే. అయినా అలవాటైన చెవికి కొత్త గొంతులో పాత హీరో మారువేషంలో ఉన్న మనిషిలా అనిపిస్తాడు. కొత్తవాళ్లని తిట్టిపోసే శ్రోతలకు నేను చెప్పేది ఒకటే, రెండు పుస్తకాల గడువివ్వండి. మీకు చెప్పేదీ ఒకటుంది. మారుస్తున్నామని పుస్తకం పేజీలో పైనే రాయండి. డబ్బు కట్టాక, చీకట్లో, చెవిలో పరాయి గొంతు పలకరించడం ఏం మర్యాద?

యంత్రం గొంతుల విషయం దాటవెయ్యడం కుదరదు. 2023 జనవరిలో ఆపిల్ సంస్థ డిజిటల్ గొంతులతో చదివించిన పుస్తకాలు తెచ్చింది, మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. విన్నాను. ఉచ్చారణ శుభ్రంగా ఉంది, అతుకుల్లేవు, జలుబు లేదు. పైన నేను ఏకరువు పెట్టిన ఫిర్యాదుల్లో సగం దానికి వర్తించవు. తమాషా ఏమిటంటే, అది హంతకుణ్ణి పట్టివ్వదు కూడా. కానీ అందులో వింటున్నంతసేపూ నాకు ఎవరినీ అనుమానించబుద్ధి కాలేదు. ముసలాయనా, మేనల్లుడూ, డాక్టరూ, అందరూ రైలు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెబుతున్నట్టే ఉంది. దాచుకున్నదేమీ లేని గొంతులో నేను ఏం వెతుక్కోవాలి? చవగ్గా వస్తుందని, అసలు ఆడియో వచ్చే అదృష్టమే లేని పుస్తకాలకి దారి దొరుకుతుందని అంటారు. అది నిజమే, కాదనను. పేజీ మీద స్పష్టంగా యంత్రం గొంతని రాయండి, ఎంచుకునేది మేం ఎంచుకుంటాం. ఆ "పాపం" దగ్గర గొంతు జారిన నేరేటర్ గారి మీద ఇంత కోపం వచ్చినా, ఆ ఇద్దరిలో ఎవరు కావాలంటే మాత్రం ఆయన్నే అడుగుతాను. ఆయన జారడానికి ఏదో ఉంది.

మా తప్పులూ చెప్పుకోవాలి. నేను 1.25 వేగంతో వింటాను. మీరు ఎంతో ఆలోచించి పెట్టిన విరామాన్ని నేను ఐదో వంతు కోసేస్తున్నానని తెలుసు. నిశ్శబ్దాలను వాటంతటవే కత్తిరించే సౌకర్యం కొన్ని యాప్‌లలో ఉంది, థ్రిల్లర్‌కి దాన్ని వాడటం పాయసంలో బెల్లం ఏరి పారెయ్యడం లాంటిది. ఒక రాత్రి అదీ వాడాను. "నన్ను చంపింది..." అన్న తర్వాత చచ్చేవాడు పేరు టక్కున చెప్పేశాడు, చావుకి కూడా టైమివ్వలేదు. నిద్ర టైమర్ పెట్టడం మర్చిపోయి, తెల్లవారుజామున లేచేసరికి డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి అంతా విప్పి చెప్పేస్తున్న రోజులూ ఉన్నాయి. వాటికి మీ పూచీ లేదు.

ఆ ముసలాయన పుస్తకం చదివిన నేరేటర్ గారి ఇంకో నవల నిన్ననే కొన్నాను. కోపం ఉంటే ఎందుకు కొన్నావని అడగొచ్చు. తలుపు తీసే ఆ దృశ్యం తప్పిస్తే మిగతా 11 గంటలూ ఆయన ఎంత బాగా చదివారో, అది కూడా చెవిలోంచి పోవడం లేదు మరి. ఈ కొత్త నవలలో అనుమానితులు ఐదుగురు. ఇప్పటికి మూడు గంటలైంది. ఎవరో తెలియడం లేదు.

ఇట్లు,
మీ శ్రోత

తా.క.: యాప్‌లో అధ్యాయాల పేర్లు వేసే వారికి. 38వ అధ్యాయానికి "నేరాంగీకారం" అని పేరు పెడితే పెట్టారు, పక్కన ఆ ఒప్పుకున్నవాడి పేరు కూడా ఎందుకండీ? పొరపాటున వేలు తగిలి జాబితా తెరుచుకుంటే ఇక అంతే. అధ్యాయం 38 అని ఊరుకోండి.